విశ్రాంతి – వరమా? హక్కా?
(మేడే సందర్భంగా శ్రామిక మహిళల సభలో చేసిన ప్రసంగ పాఠం)



మేడే సభలో పని గంటల గురించి మాట్లాడమని నిర్వాహకులు అడిగారు. పని అయిపోయాక మిగిలే గంటల గురించి మాట్లాడతానని నేనన్నాను. రోజుకి ఎనిమిది గంటల పని, ఎనిమిది గంటల నిద్ర, ఎనిమిది గంటలు మన సొంతం అన్నది మేడే పుట్టుకలోనే ఉన్న కోరిక. మొదటి ఎనిమిది గంటల గురించి మనం బోలెడు తీర్మానాలు చేశాం. కానీ ఆ చివరి ఎనిమిది గంటల మాటేమిటి? అవి నిజంగా మనవేనా? వాటిని ఎవరైనా మనకి ఇస్తే పుచ్చుకోవచ్చా? ఆడవాళ్లకి అసలు అవి ఉన్నాయా?

ఈ ప్రశ్నలు వేసుకోడానికి 1930ల నాటి జర్మనీకి వెళ్లొద్దాం. హిట్లర్ అనగానే మనకి గుర్తొచ్చేవి నిర్బంధ శిబిరాలు, విషవాయువు గదులు, యుద్ధం. అవి గుర్తుండాల్సిందే. కానీ అదే హిట్లర్ ప్రభుత్వం కార్మికులకి విహారయాత్రలు ఏర్పాటు చేసింది, నాటకాలు చూపించింది, ఓడలెక్కించి సముద్రం తిప్పింది అన్న సంగతి మనం అంతగా చెప్పుకోం. నియంత చేతిలో లాఠీ ఒక్కటే ఉండదు, మిఠాయి పొట్లం కూడా ఉంటుంది. మనం తెలుసుకోవలసింది ఆ పొట్లం గురించి కూడా.

మే 1, మే 2

1933 జనవరి 30న హిట్లర్ అధికారంలోకి వచ్చాడు. ఆ ఏడాది మే 1ని ప్రభుత్వమే జీతంతో కూడిన జాతీయ సెలవుదినంగా ప్రకటించింది. దాని కోసం జర్మన్ కార్మికులు దశాబ్దాలుగా అడుగుతూ వచ్చారు. అడిగినన్నాళ్లూ రానిది అడగకుండానే వచ్చింది! బెర్లిన్‌లో బ్రహ్మాండమైన సభ జరిగింది. కార్మిక సంఘాల నాయకులు కూడా తమ సభ్యుల్ని వెళ్లమన్నారు.

మర్నాడు, మే 2 ఉదయం, హిట్లర్ గోధుమరంగు చొక్కాల దళాలు దేశమంతటా కార్మిక సంఘాల ఆఫీసుల మీద పడ్డాయి. నాయకుల్ని పట్టుకుపోయారు. భవనాలూ, పత్రికలూ, బ్యాంకుల్లోని డబ్బూ స్వాధీనం చేసుకున్నారు. మే 10న సంఘాల స్థానంలో 'జర్మన్ శ్రామిక ఫ్రంట్' అనే సంస్థ వచ్చింది. దాని నాయకుడు రాబర్ట్ లే. అందులో యజమానులూ సభ్యులే, కార్మికులూ సభ్యులే. సమ్మె హక్కు పోయింది, వేతనాల కోసం ఉమ్మడిగా బేరమాడే హక్కు పోయింది. 1934 జనవరి 20 నాటి చట్టం ఫ్యాక్టరీ యజమానికి 'నాయకుడు' అని పేరు పెట్టింది, కార్మికులకి 'అనుచరులు' అని పేరు పెట్టింది. మాటలు మార్చి హక్కులు మాయం చెయ్యడం పాలకులకి తెలిసిన పాత విద్య.

అలా ఊడ్చుకుపోయిన సంఘాల్లో ఒకటి బట్టల మిల్లు కార్మికుల సంఘం. దాని గురించి మీకు ప్రత్యేకంగా చెప్పాలి. ఆ సంఘంలో స్త్రీలు పెద్ద సంఖ్యలో ఉండేవారు. ఆ సంఘపు మహిళా విభాగం తన సభ్యుల్ని ఒక ప్రశ్న అడిగింది. 'నీ పనిరోజు ఎలా గడుస్తుంది? నీ వారాంతం ఎలా గడుస్తుంది? నీ మాటల్లో రాసి పంపు' అని. వచ్చినవాటిలోంచి 150 మంది స్త్రీలు రాసినవి 1930లో పుస్తకంగా వేశారు. తెల్లవారక ముందే లేవడం, పొయ్యి, పిల్లలు, మిల్లు, మళ్లీ పొయ్యి. శనివారం మధ్యాహ్నం ఇల్లు కడగడం, ఆదివారం బట్టలు ఉతుక్కోవడం, చిరుగులు కుట్టుకోవడం. విశ్రాంతి అనే మాట మగవాడికి వర్తించినట్టు తమకి వర్తించడం లేదని వాళ్లే కాగితం మీద పెట్టారు. ఒక కార్మిక సంఘం ఆడవాళ్లని 'నీ తీరిక ఎక్కడ?' అని అడగడం, వాళ్లు జవాబు రాయడం – ఇది చిన్న విషయమా? ఇంకో పదేళ్లు ఆ సంఘం బతికి ఉంటే ఆ జవాబుల్లోంచి ఏ డిమాండ్లు పుట్టేవో! మూడేళ్లకే ఆ అడిగే నోరు నొక్కేశారు.

'ఆనందం ద్వారా శక్తి'

సంఘాల్ని తీసేశారు సరే, కార్మికులు ఊరుకుంటారా అన్న భయం పాలకులకి ఉంది. జీతాలు పెంచడానికి వాళ్లు సిద్ధంగా లేరు, ఎందుకంటే డబ్బంతా ఆయుధాలకి కావాలి. 1933 నవంబర్ 27న శ్రామిక ఫ్రంట్ కింద ఒక కొత్త విభాగం పెట్టారు. జర్మన్‌లో దాని పేరు 'క్రాఫ్ట్ డుర్ష్ ఫ్రాయిడె', మన భాషలో 'ఆనందం ద్వారా శక్తి'. ఆ పేరులోనే గుట్టు ఉంది. ఆనందం అందులో సాధనం మాత్రమే, అసలు కావలసింది శక్తి. ఎవరి కోసం శక్తి? ఉత్పత్తి కోసం, తరవాత యుద్ధం కోసం.

ఈ ఆలోచన హిట్లర్ సొంతమేమీ కాదు. ఇటలీలో ముస్సోలినీ 1925లోనే 'దోపోలవోరో' అనే సంస్థని పెట్టాడు. పని తరవాత అని ఆ మాటకి అర్థం. క్లబ్బులు, సంగీతం, ఆటలు, చవక రైలు టిక్కెట్లు – అన్నీ ఉండేవి. 1927లో, 1930లో ప్రభుత్వం పూనుకుని కార్మికుల వేతనాలు కోసింది కూడా ఆ ఇటలీలోనే. అదే ప్రభుత్వం 1938లో ఆఫీసు ఉద్యోగాల్లో స్త్రీలు పది శాతానికి మించకూడదని ఉత్తర్వు తెచ్చింది. పోర్చుగల్‌లో సాలజార్ కూడా 1935లో ఇలాంటిదే ఒకటి పెట్టాడు. నియంతలందరూ కార్మికుడి సాయంత్రం మీద కన్నేశారంటే అర్థం చేసుకోవచ్చు. పగలు ఫ్యాక్టరీలో యజమాని కళ్లెదుట ఉంటాడు కాబట్టి ఫరవాలేదు. సాయంత్రం నలుగురూ కలిసి కూర్చుంటారు, మాట్లాడుకుంటారు. ఆ మాటలంటే పాలకులకి భయం.

జర్మనీలో కార్మికులు తమంతట తాము కట్టుకున్న తీరిక లోకం అంతకుముందే ఒకటి ఉండేది. కార్మికుల ఆటల సంఘాలు, పాటల బృందాలు, కొండలెక్కే 'ప్రకృతి మిత్రులు' సంఘం, వాళ్లు చందాలేసుకుని కట్టుకున్న విడిది ఇళ్లు. 1933లో వాటన్నిటినీ నిషేధించి ఆస్తులు లాక్కున్నారు. అంటే 'పాపం, తీరికంటే ఎరగని కార్మికుడికి మేం తీరిక ఇచ్చాం' అని ప్రభుత్వం చెప్పుకున్నది పచ్చి అబద్ధం. వాళ్ల దగ్గరున్నది గుంజుకుని, దానికి కొత్త రంగు వేసి, తిరిగి వాళ్లకే దానం చేశారు.

ఏమిచ్చారు?

అయితే ఇచ్చింది ఏమీ లేదని నేననను. అలా అంటే ఈ మోసం ఎందుకు పారిందో మనకి అర్థం కాదు. చాలామంది కార్మికులకి ఏడాదికి మూడు రోజులుండే జీతపు సెలవు ఆరు రోజులకీ, కొన్నిచోట్ల పన్నెండు రోజులకీ పెరిగింది. తక్కువ ధరకి నాటకం, సంగీతం టిక్కెట్లు దొరికాయి. ఒకరోజు షికార్లు, వారం రోజుల ప్రయాణాలు ఏర్పాటయ్యాయి. 1938లో ఒక్క ఏడాదిలోనే కోటి మందికి పైగా ఈ ప్రయాణాల్లో పాల్గొన్నారని ప్రభుత్వం చెప్పుకుంది. అందులో ఎక్కువ భాగం ఒకటి రెండు రోజుల షికార్లే. అయినా అంతకుముందు ఊరి పొలిమేర దాటనివాళ్లు సముద్రం చూశారు, మంచు కొండలు చూశారు.

ఒక్క నిమిషం ఆ ప్రయాణంలో ఉన్న స్త్రీని ఊహించుకోండి. పెళ్లయిన నాటినుంచి పొయ్యి వదలని ఇల్లాలు ఒక వారం పాటు ఎవరో వండింది తింటుంది. ఎవరో కడిగిన కంచంలో తింటుంది. ఆ వారం ఆమెకి ఎంత విలువైనదో ఈ సభలో ఎవరికీ వివరించి చెప్పనక్కరలేదు. ఆ సంతోషం అబద్ధం కాదు. ఆమెని తప్పుపట్టే హక్కు మనకి లేదు. ఆ సంతోషాన్ని చూపించి ఆమె చేత ఏమి మరిపించారన్నదే మనం అడగాలి.

ఈ సంస్థలో 'శ్రమ సౌందర్యం' అని ఒక శాఖ ఉండేది. దానికి అధిపతి ఆల్బర్ట్ స్పీర్, హిట్లర్ వాస్తుశిల్పి, తరవాత యుద్ధకాలంలో ఆయుధాల మంత్రి. ఫ్యాక్టరీల్లో మంచి వెలుతురు, గాలి, భోజనశాల, స్నానాల గది, పూలమొక్కలు కావాలని ఈ శాఖ ప్రచారం చేసింది. మంచి కోరికలే. కానీ చాలాచోట్ల గోడలకి సున్నాలు వేసిందీ, ఆవరణ శుభ్రం చేసిందీ కార్మికులే. అదీ పని గంటలయ్యాక, కూలి లేకుండా. పూలమొక్క పెట్టారు, జీతం ఎందుకు పెరగలేదని అడిగే నోరు మాత్రం లేకుండా చేశారు.

ఓడల కథ కూడా వినండి. ఈ సంస్థ కోసమే కట్టిన మొదటి ఓడ 'విల్‌హెల్మ్ గుస్ట్‌లోఫ్'. 1937లో నీళ్లలోకి దిగింది. అందులో మొదటి తరగతి, మూడో తరగతి అన్న తేడాలు లేవని గొప్పగా ప్రచారం చేశారు. కానీ దూరప్రాంతాల సముద్రయాత్రలకి వెళ్లగలిగినవాళ్లలో గుమాస్తాలూ, ఉద్యోగులూ, పార్టీ మనుషులూ జనాభాలో వాళ్ల వంతుకి మించి ఉండేవారు. మామూలు కార్మికుడి భార్య ఆ ఓడల్లో కనపడటం అరుదు. పిల్లల్ని ఎవరికప్పగించి వెళుతుంది?

వెళ్లినవాళ్లనైనా స్వేచ్ఛగా వదిలారా? లేదు. యాత్రికుల మధ్య రహస్య పోలీసుల మనుషులు కూర్చునేవారు. ఎవరు ఏమన్నారు, ఎవరు నాయకుడి ఉపన్యాసం వినలేదు అని పైకి నివేదికలు రాసేవారు. ఆడవాళ్లు పరాయి దేశపు మగవాళ్లతో నవ్వుతూ మాట్లాడారన్న ఫిర్యాదులూ ఆ నివేదికల్లోకి ఎక్కాయి. రాజ్యం విహారానికి తీసుకెళ్లినా అత్తగారి చూపు వెంటే వచ్చిందన్నమాట. జర్మనీలో ఇక సొంత జీవితం మిగిలింది నిద్రపోతున్న మనిషికేనని అర్థం వచ్చేలా రాబర్ట్ లే గర్వంగా ప్రకటించాడు.

ఆ ఓడలు చివరికి ఏమయ్యాయి? 1939లో స్పెయిన్ అంతర్యుద్ధం నుంచి హిట్లర్ వైమానిక దళాన్ని ఇంటికి మోసుకొచ్చినవి ఈ విహారనౌకలే. 1937లో గెర్నికా పట్టణాన్ని బాంబులతో కాల్చింది ఆ దళమే. యుద్ధం మొదలయ్యాక గుస్ట్‌లోఫ్ సైనిక ఆసుపత్రి అయింది, తరవాత సైనికుల బస అయింది. 1945 జనవరి 30న, హిట్లర్ గద్దెనెక్కి సరిగ్గా పన్నెండేళ్లు నిండిన రోజున, పారిపోతున్న శరణార్థులతో కిక్కిరిసి ఉండగా సోవియట్ జలాంతర్గామి దెబ్బకి బాల్టిక్ సముద్రంలో మునిగింది. వేలాదిమంది చనిపోయారు. వాళ్లలో చాలామంది స్త్రీలు, పిల్లలు.

ఇవ్వనిది

ర్యూగెన్ ద్వీపంలో ప్రోరా అనే చోట సముద్రపు ఒడ్డునే నాలుగున్నర కిలోమీటర్ల పొడవున ఒక విడిది కట్టడం మొదలుపెట్టారు. ఒకేసారి 20,000 మంది ఉండాలి, ప్రతి గదికీ సముద్రం కనిపించాలి అని ప్రణాళిక. దానికి శంకుస్థాపన చేసిన రోజు 1936 మే 2. కార్మిక సంఘాల మీద పడి దోచిన రోజుకి మూడో వార్షికోత్సవం! 1939లో యుద్ధం రాగానే పని ఆగిపోయింది. ఒక్క కార్మిక కుటుంబం కూడా ఆ విడిదిలో సెలవు గడపలేదు. ఇవాళ ఆ భవనాల్లో కొంత భాగం అపార్టుమెంట్లు, హోటళ్లు అయింది.

కారు కథ ఇంతకంటే చిత్రం. ప్రతి కార్మికుడికీ కారు అన్నారు. ధర 990 మార్కులు. వారానికి ఐదేసి మార్కుల చొప్పున స్టాంపులు కొని పుస్తకంలో అంటించుకుంటే, దాదాపు నాలుగేళ్లకి కారు. వడ్డీ లేదు. మానేస్తే కట్టినది తిరిగి రాదు. సుమారు 3,36,000 మంది కట్టారు. ఒక్కరికీ కారు రాలేదు. కారు ఫ్యాక్టరీ కట్టడానికి వాడిన డబ్బులో మే 2న సంఘాల దగ్గర గుంజుకున్న ఆస్తుల సొమ్ము కూడా ఉంది. యుద్ధంలో ఆ ఫ్యాక్టరీ సైన్యానికి బళ్లు చేసింది. యుద్ధం తరవాత కట్టినవాళ్లు కోర్టుకెక్కారు. 1961లో రాజీ కుదిరింది, కొత్త కారు కొంటే కొంత తగ్గింపు, లేదా వంద మార్కుల నగదు. ఆ కారే ఇవాళ లోకమంతా ఎరిగిన ఫోక్స్‌వాగన్. ఆ ఫ్యాక్టరీ ఊరే ఇవాళ్టి వోల్ఫ్స్‌బర్గ్.

ఆ ఫ్యాక్టరీ గురించి మరొకటి చెప్పాలి. చెప్పడానికి నోరు రాదు, అయినా చెప్పాలి. యుద్ధకాలంలో అక్కడ పనిచేసినవాళ్లలో పోలండ్, సోవియట్ దేశాల నుంచి బలవంతంగా పట్టుకొచ్చిన స్త్రీలు ఉన్నారు. వాళ్లకి పిల్లలు పుడితే పురిటి నుంచి లేవగానే తల్లిని పనిలోకి పంపి, బిడ్డని ఫ్యాక్టరీ నడిపే శిశు నిలయంలో పెట్టేవారు. 1944 నుంచి అది ర్యూయెన్ అనే ఊళ్లో ఉండేది. పాలు లేక, శుభ్రత లేక, రోగాలొచ్చి అక్కడ 300 మందికి పైగా పసిపిల్లలు చనిపోయారు. దాని బాధ్యుడైన ఫ్యాక్టరీ డాక్టరు హాన్స్ క్యోర్బెల్‌కి 1946లో బ్రిటిష్ సైనిక న్యాయస్థానం మరణశిక్ష వేసింది, 1947లో అమలు చేశారు. 'ఆనందం ద్వారా శక్తి' కారు అని పేరుపెట్టి మొదలుపెట్టిన ఫ్యాక్టరీ ఇది. ఆ ఆనందంలో వాటా ఎవరికి, ఆ శక్తికి వెల చెల్లించింది ఎవరు అన్నదానికి ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?

ఈ ఆనందంలో యూదులకి మొదటినుంచీ చోటు లేదు. యూదు కార్మికురాలు కూడా అదే మిల్లులో అదే మగ్గం ముందు నిలబడింది. ఆమెకి ఓడా లేదు, నాటకమూ లేదు, చివరికి బతుకూ లేదు. ఎవరో కొందరిని బయటికి నెట్టి మిగిలినవాళ్లకి పంచే సుఖం సంక్షేమం కాదు. అది లంచం.

స్త్రీల సంగతి

స్త్రీల విషయంలో ఆ ప్రభుత్వ విధానం ఇంకా స్పష్టం. 1933లోనే పెళ్లి అప్పుల చట్టం తెచ్చారు. పెళ్లి చేసుకునే జంటకి వెయ్యి మార్కుల దాకా అప్పు. షరతు ఏమిటంటే పెళ్లికూతురు ఉద్యోగం మానెయ్యాలి. ఆ అప్పు పెళ్లికొడుక్కిస్తారు. ఒక్కో బిడ్డ పుట్టగానే అప్పులో నాలుగోవంతు మాఫీ. నలుగుర్ని కంటే అప్పు తీరిపోతుంది! 1937 నాటికి ఆయుధ కర్మాగారాల్లో చేతులు చాలలేదు. అప్పుడు అదే ప్రభుత్వం ఆ ఉద్యోగం మానాలన్న షరతు ఎత్తేసింది. వద్దన్నప్పుడు ఇంటికి పొమ్మన్నారు, కావలసొచ్చినప్పుడు రమ్మన్నారు. రెండుసార్లూ ఆమెనెవరూ అడగలేదు.

1910లో కోపెన్‌హేగన్‌లో అంతర్జాతీయ మహిళా దినం ప్రతిపాదించిన క్లారా జెట్కిన్ జర్మన్ స్త్రీ. 1932 ఆగస్టులో పార్లమెంటులో వయసులో అందరికంటే పెద్దగా తొలి సమావేశం ప్రారంభించి, ఫాసిజానికి వ్యతిరేకంగా అందరూ ఒక్కటి కావాలని ఆమె పిలుపునిచ్చింది. 1933 జూన్‌లో పరాయి దేశంలో కన్నుమూసింది. ఆమె దేశంలో మహిళా దినాన్ని తీసేసి, మాతృ దినోత్సవాన్ని రాజ్యోత్సవం చేశారు. నలుగురు పిల్లలకి కంచు పతకం, ఆరుగురికి వెండి, ఎనిమిది మందికి బంగారు పతకం పెట్టారు. పోరాడే రోజు పోయి పొగిడించుకునే రోజు వచ్చింది. ఈ తేడా మనం మార్చి 8న ప్రతి ఏడూ గుర్తుచేసుకోవాలి. పూలగుత్తి ఇచ్చి, ముగ్గుల పోటీ పెట్టి, జీతం మాట ఎత్తనివ్వని చోట ఆ రోజు ఎవరిదైనట్టు?

ఇంకో దారి

అదే కాలంలో పక్క దేశం ఫ్రాన్స్‌లో ఏం జరిగింది? 1936 మే, జూన్ నెలల్లో లక్షలమంది కార్మికులు ఫ్యాక్టరీల్లో బైఠాయించారు. పెద్ద పెద్ద దుకాణాల్లో పనిచేసే అమ్మాయిలు కూడా ఆ సమ్మెల్లో ఉన్నారు. జూన్ 20న రెండు వారాల జీతపు సెలవు చట్టమైంది. ఆ వెంటే వారానికి నలభై గంటల పని. అక్కడా తక్కువ ధర రైలు టిక్కెట్లు వచ్చాయి, అక్కడా కార్మికులు మొదటిసారి సముద్రం చూశారు. పైకి చూస్తే రెండుచోట్లా ఒకటే దృశ్యం. రైలు కిటికీలోంచి తల బయటపెట్టి నవ్వుతున్న కార్మిక కుటుంబం. కానీ జర్మనీలో ఆ సెలవు సంఘాన్ని చంపి ఇచ్చినది, ఫ్రాన్స్‌లో అది సంఘం సాధించుకున్నది. ఇచ్చినది ఎప్పుడైనా తీసుకోవచ్చు. సాధించుకున్నది తీసెయ్యాలంటే మళ్లీ పోరాడాల్సి వస్తుంది.

అలాగని ఫ్రాన్స్‌ని ఆకాశానికెత్తను. ఆ ప్రభుత్వంలో ముగ్గురు స్త్రీలు ఉపమంత్రులయ్యారు, కానీ ఫ్రెంచి స్త్రీకి అప్పటికి ఓటు లేదు. 1944 దాకా రాలేదు. ఆ రెండు వారాల సెలవులోనూ సముద్రపు ఒడ్డున వంట చేసింది ఎవరో మనం ఊహించగలం.

మన దేశంలో పెద్దవాళ్లకి ఎమర్జెన్సీ గుర్తుండే ఉంటుంది. రైళ్లు వేళకి నడుస్తున్నాయి, సమ్మెలు లేవు, అంతా క్రమశిక్షణ అని ఆంధ్రదేశంలోనూ గోడల నిండా రాశారు. అదే 1975లో చట్టబద్ధమైన కనీస బోనసుని 8.33 శాతం నుంచి 4 శాతానికి తగ్గించారు. క్రమశిక్షణ ఎవరికోసమో జీతం కవరు విప్పితే తెలిసింది.

చివరిగా, ఆ 150 మంది బట్టల మిల్లు స్త్రీలని అడిగిన ప్రశ్న దగ్గరికి మళ్లీ వద్దాం. 2019లో మన దేశంలో ప్రభుత్వమే సమయ వినియోగంపై సర్వే చేసింది. జీతం లేని ఇంటిపనులు చేసేవారిలో స్త్రీలు రోజుకి సగటున 299 నిమిషాలు, పురుషులు 97 నిమిషాలు వాటికి ఖర్చుపెడుతున్నారని తేలింది. రోజుకి దాదాపు ఐదు గంటలు! ఆ చివరి ఎనిమిది గంటలు మన ఇళ్లలో ఎక్కడికి పోతున్నాయో ఇదే లెక్క. దీనికి ఓడ ప్రయాణం జవాబు కాదు. ఏడాదికోసారి ఆఫీసువాళ్లో, పార్టీవాళ్లో, ప్రభుత్వమో వేసే బస్సు జవాబు కాదు. ఇంట్లో పని పంచుకోవడం, శిశు సంరక్షణ కేంద్రాలు, బతకడానికి సరిపడా వేతనం, జీతంతో కూడిన సెలవు – పొలం కూలికీ, బీడీ కార్మికురాలికీ, ఇళ్లలో పాచిపని చేసే స్త్రీకీ – ఇవీ జవాబులు.

అందుకని నేను మిమ్మల్ని బస్సెక్కొద్దని చెప్పను. ఎక్కండి, చూడండి, పాడండి. కానీ ఎక్కేముందు మూడు ప్రశ్నలు అడగండి. ఇది ఎవరు ఏర్పాటు చేశారు, అందులో మన మాట ఎంత? మనలో ఎవర్ని రానివ్వలేదు, ఎందుకని? రానన్నా, వచ్చి నోరు విప్పినా మన పని ఉంటుందా, పోతుందా? ఈ మూడింటికీ సరైన జవాబు వస్తే ఆ సెలవు మన హక్కు. రాకపోతే అది దయ. దయ మీద బతికేవాళ్లకి మే 1 తరవాత మే 2 కూడా వస్తుందని జర్మన్ కార్మికులు మనకి చెప్పి వెళ్లారు.

 సభ అయ్యాక కుర్చీలు సర్దే పని ఈసారి మగ మిత్రులు తీసుకుంటారని ఆశిస్తూ సెలవు తీసుకుంటున్నాను.